వర్ణం: బూడిద

ఆ చలికాలం నేను ఎవరి మాటా వినలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి వినడం మానేస్తే ఇంట్లోవాళ్ళు ముందు చెవుల పరీక్ష చేయిస్తారు. నా చెవులు నిక్షేపంలా ఉన్నాయని డాక్టరు కాగితం రాసిచ్చిన తరువాతే మావాళ్ళకు అసలు భయం పట్టుకుంది.

మొదలైంది మా అమ్మాయి ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. అల్లుడి స్నేహితులు కొందరు వచ్చారు. ఈ ఏడాది సూర్యుడి మీద అలజడి ఎక్కువగా ఉందనీ, ఉత్తర ధ్రువం వైపు దేశాల్లో ధ్రువకాంతులు జోరుగా కనిపిస్తున్నాయనీ వాళ్ళలో ఒకడు చెప్పాడు. నేను చేతిలోని గ్లాసు కింద పెట్టాను. మా ఆయన గొంతు సవరించుకోవడం వినబడింది మరి.

"వాటికోసం అంత దూరం పోవడం దేనికయ్యా?" అన్నారాయన. "మా మేడమ్‌గారు కొండమీద నిలబడి ఎప్పుడో చూసేశారు. టికెట్టు లేదు సరికదా, స్వెట్టరు కూడా లేదు!"

అందరూ నవ్వారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వింటున్న హాస్యం అది. 'స్వెట్టరు' దగ్గర నవ్వు మొదలవుతుందనీ, నా ముఖంలోకి చూశాక ఒకరిద్దరు నవ్వు మింగేస్తారనీ, మా ఆయన మాత్రం మంచినీళ్ళు తాగే దాకా నవ్వుతారనీ నాకు తెలుసు.

ఆ హాస్యం వెనక ఉన్న సంగతి చిన్నదే. నేను ఒక కొండమీది వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలిని. ఆయన ఆ కేంద్రానికి ఇన్‌చార్జి. పెళ్ళికి రెండేళ్ళ ముందు మాట. మూడు గంటలకోసారి బయటికి వెళ్ళి ఆకాశం చూసి, చూసినది రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. ఒకనాటి రాత్రి ఎనిమిదిన్నర పరిశీలనలో నేను ఇలా రాశాను: 'ఉత్తర దిక్కున, నేల అంచుకు రెండు పిడికిళ్ళ ఎత్తున, కమాను ఆకారంలో కాంతి. వ్యవధి పద్దెనిమిది నిమిషాలు. వర్ణం: బూడిద. దాని గుండా నక్షత్రాలు కనిపించాయి. ధ్రువకాంతి కావచ్చు.'

కావచ్చు అని రాశాను. అయి తీరుతుందని రాయలేదు. మర్నాడు తనిఖీ చేసిన ఇన్‌చార్జిగారు ఆ వాక్యాల మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, పక్కన 'వర్ణం లేదు. పలుచని మేఘం' అని రాసి, పొడి అక్షరాలు వేశారు. మా కేంద్రంలో చెరపడం నిషేధం. తప్పనిపిస్తే ఒక్క గీతతో కొట్టాలి. కింద అక్షరాలు చదవడానికి వీలుగా ఉండాలి. ఆ గీతను రద్దు చేసే అధికారం గీసినవారిది మాత్రమే.

అలాంటి మనిషిని ఎందుకు చేసుకున్నావని నా స్నేహితురాళ్ళు అడుగుతూ ఉంటారు. మిగతా గీతలన్నీ సరైనచోటే గీశారు కాబట్టి చేసుకున్నాను.

ఆ భోజనాల రోజు అమ్మాయి ఇంటినుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, "సార్," అన్నాను. ఇంట్లో నేను ఆయన్ని సార్ అన్నానంటే అది తుఫాను హెచ్చరిక.

"ఏమిటోయ్, మళ్ళీ అదేనా? సరదాకి అన్నాను."

"మసక వెలుతురులో కంటికి రంగు తెలియదని పుస్తకాలు తెచ్చి చూపించాను. ఆ రాత్రి భూమి అయస్కాంత సూచికలు గంతులు వేశాయని కాగితాలు తెప్పించి చూపించాను."

"సూచిక గంతులు వేస్తే సూచిక గంతులు వేసినట్టు. ఆకాశంలో వెలుగు వచ్చినట్టు కాదు. ఇక పుస్తకం అంటావా, అది ఎవరి కన్ను?"

"ఎవరిదైతేనేం?"

"విన్నది రాయొద్దు, చదివింది రాయొద్దు, చూసింది రాయండి అని మన కేంద్రం గోడమీద బోర్డు ఉండేది. గుర్తుందా?"

"మీరు పెట్టించిందే కదా."

"మరి?"

"మరి చూసొస్తాను," అన్నాను.

ఆయన సాక్సు విప్పబోతున్నవారు ఆగిపోయారు.

నేను చదువుకున్న విజ్ఞానం నా పక్షాన ఉంది. అయినా, నిజం చెప్పాలంటే, నాకు అనుమానం లేకపోలేదు. ముప్ఫై ఏళ్ళ వయసులో ఒంటరిగా కొండమీద నిలబడిన మనిషి తనకు కావలసింది చూడగలదు. ఎందరి కళ్ళు ఎన్నెన్ని చూశాయో, వాటిలో ఎన్ని నిలిచాయో తెలిసినదాన్ని. నా కంటికి మాత్రం మినహాయింపు ఎందుకివ్వాలి? పొరపాటు నాదైతే, ముప్ఫై ఎనిమిదేళ్ళ మొండితనం కూడా నాదే అవుతుంది. ఆ సంగతి తేలకుండా నేను పోదలచుకోలేదు.

ఒక నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో షరతు రాశాను. ధ్రువకాంతి మామూలు కంటికి రంగుతో కనిపిస్తే ఆనాటి కొట్టివేత సరైనది. దాని కింద నేనే సంతకం చేస్తాను. రంగు లేకుండా కనిపిస్తే కొట్టివేత రద్దు. కొట్టినవారు సంతకం చేయాలి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "కెమెరాలు లెక్కలోకి రావు."

"రావు."

"నువ్వు ఎటు వెళ్ళినా వెంట వచ్చే నీ స్నేహితురాళ్ళిద్దరూ నీ పక్షమే. నువ్వు నల్లకాకి తెల్లగా ఉందన్నా తలూపుతారు."

"అందుకే వాళ్ళు నాతో మాట్లాడకుండా విడివిడిగా చీటీల మీద రాస్తారు."

ఆయన అలవాటు కొద్దీ కలం తీసి, నోటుపుస్తకం పేజీలన్నిటికీ వరసగా నంబర్లు వేసి నా చేతికిచ్చారు.

ఆ ఇద్దరిలో ఒకామెను మేం టెలిఫోన్ అంటాం. ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరైంది. మాట మాత్రం రిటైరవలేదు. రెండో ఆమె నర్సు, మా పక్కింటి మనిషి, నన్ను అక్కా అంటుంది. సంగతి చెప్పగానే టెలిఫోన్ ఎగిరి గంతేసింది. "జీవితమంతా వాళ్ళనీ వీళ్ళనీ ఊళ్ళతో కలిపాను కానీ ఏ ఊరి మొహమూ చూడలేదే! వస్తున్నాను. మీ ఆయన ఓడిపోతే ఆ మొహం కూడా చూడాలి." నర్సేమో, "డ్యూటీ లేని చీకటి ఎలా ఉంటుందో చూడాలని ఉందక్కా," అంది.

అభ్యంతరం మా అమ్మాయి నుంచి వచ్చింది. అమ్మాయి ఫిజియోథెరపిస్టు. నా మోకాళ్ళ గురించి నాకంటే దానికే ఎక్కువ తెలుసు.

"మైనస్ ఇరవై రెండు డిగ్రీలమ్మా! ఇంట్లో మూడు మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటావు. మంచుమీద ఏం పట్టుకుంటావు?"

"నేను మోకాళ్ళతో చూడబోవడం లేదే. కళ్ళతో చూస్తాను."

"ఫోన్‌లో ఎన్ని వీడియోలు కావాలంటే అన్ని ఉన్నాయి."

"అవి కెమెరా చూసినవి."

"నాన్నా, మీరైనా చెప్పండి!"

ఆయన పేపరు దించలేదు. "చెబితే రేపు వెళుతుంది. చెప్పకపోతే డిసెంబరు దాకా ఆగుతుంది. ఏది మంచిదో నువ్వే చూసుకో."

డిసెంబరు చివరివారంలో వెళ్ళాం.

మేము దిగిన చోట మధ్యాహ్నం రెండింటికే పొద్దు గుంకేది. చెక్క ఇల్లు, రెండు వరసల తలుపులు, ఆ రెంటి మధ్య బూట్లు విప్పుకునే ఇరుకు గది. మూడు మంచాల గదిలో కిటికీ అద్దం లోపలివైపున కూడా మంచు పట్టేది. ఒంటిమీద ఎన్ని పొరలు వేసుకున్నామంటే, ఒకరి బూటు తాళ్ళు ఇంకొకరు కట్టాల్సి వచ్చేది. ఎవరి నడుమూ వంగేది కాదు. "పెళ్ళికూతుర్ని చేసినప్పుడు కూడా నాకు ఇన్ని బట్టలు కట్టలేదు," అనేది టెలిఫోన్.

సాయంత్రం అయిదింటికి ఒకావిడ వ్యాను తెచ్చి మమ్మల్నీ, కెమెరాలు మెడలో వేసుకుని మనవైపు నుంచే వచ్చిన నలుగురు కుర్రవాళ్ళనూ ఊరి దీపాలు అందని మైదానానికి తీసుకువెళ్ళేది. భారీ మనిషి, మితభాషిణి. ఆమె మాటలు మాకు, మా మాటలు ఆమెకు సగమే అర్థమయ్యేవి; చలి వల్ల ఆ సగం కూడా త్వరగా ముగిసేది. మొదటి రెండు రోజులూ మంచు కురిసింది. మూడో రోజు ఆకాశం విచ్చింది.

ఆరున్నర కాకముందే వచ్చింది. నేను ఇంకా చేతి తొడుగులు సవరించుకుంటున్నాను. ఎవరో కేక పెట్టారు. తలెత్తితే, ఆకాశం ఈ చివరినుంచి ఆ చివరికి తెర దించినట్టు కాంతి ఊగుతోంది. కింది అంచు వెంట అలలు పరుగెత్తుతున్నాయి. నా ఎదుటి మంచు కూడా ఆ రంగే పుంజుకుంది.

ఆకుపచ్చ. ఏ అనుమానమూ లేదు. లేత అరటాకు పచ్చ.

కుర్రవాళ్ళు గంతులేస్తున్నారు. నర్సు రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని నిలబడిపోయింది. అంత అందమైనదాన్ని నా జీవితంలో చూడలేదు. చూస్తూనే జేబులోంచి నోటుపుస్తకం తీశాను.

"చీటీలు," అన్నాను.

"ఇప్పుడా!" అంది టెలిఫోన్.

"ఇప్పుడే."

తొడుగులు విప్పి రాసి ఇచ్చారు. వ్యాను దీపం కింద విప్పాను. నర్సు చీటీలో 'ఆకుపచ్చ' అని ఉంది. టెలిఫోన్ చీటీలో 'ఆకుపచ్చ, దేవుడి మీద ఒట్టు' అని ఉంది. నేను మూడో పేజీలో సమయం, దిక్కు, ఎత్తు వేసి 'వర్ణం: ఆకుపచ్చ' అని రాశాను.

గదికి వచ్చాక టెలిఫోన్ నా పక్కన మంచం మీద కూలబడింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదటిసారి.

"ఒసే, నా మాట విను. ఈ రోజుది రాయకపోతే ఏమవుతుంది? ఎవరు చూడొచ్చారు? చీటీలు పొయ్యిలో పడేద్దాం. ఆ పేజీ చింపెయ్."

"పేజీలకు నంబర్లున్నాయి."

"నంబర్లు లేకపోతే చింపేదానివా?"

ముప్ఫై ఎనిమిదేళ్ళ భోజనాల బల్లలు, స్వెట్టరు దగ్గర మొదలయ్యే నవ్వులు అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. పొయ్యి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

"చింపను," అన్నాను చివరికి. "చింపితే ఆయన నా రాత మీద గీత గీయడం సరైనదే అవుతుంది."

"అయితే వెళ్ళగానే సంతకం చేస్తావా?"

"చేస్తాను."

"ఆయన ముందు తల వంచుకునా?"

"తల ఎందుకు వంచుకోవాలే? తప్పు రాస్తే తప్పని రాస్తాను. తల దాని చోట అది ఉంటుంది."

నర్సు తన మంచం మీదనుంచి, "ఇంకా రెండు రోజులున్నాయక్కా," అని దీపం తీసేసింది.

మర్నాడు మళ్ళీ మబ్బు. ఆఖరి సాయంత్రం ఆకాశం విచ్చింది గానీ ఏమీ లేదు. గంట నిలబడ్డాం. నా కుడి మోకాలు మా అమ్మాయి గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. కుర్రవాళ్ళు కెమెరాలు సంచుల్లో సర్దేసి వ్యాను ఎక్కి ఫోన్లు తీశారు. "ఈ రోజు లేదు. ఆ మేఘం కూడా వస్తోంది, పదండి," అన్నాడొకడు.

ఏ మేఘమా అని అటు చూశాను.

ఉత్తరాన, నేల అంచుకు కాస్త పైన, కమానులా వంగిన ఒక పలుచని పట్టీ. కదలిక లేదు. ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉంది. దాన్ని నేను ఇదివరకు చూశాను.

వ్యాను దగ్గరికి వెళ్ళి కిటికీ మీద కొట్టాను. "దీపాలు ఆర్పండి. ఫోన్లు కూడా."

"ఎందుకు ఆంటీ? అది మేఘం."

"మేఘమే కావచ్చు. ఆర్పండి."

నా గొంతులో ఏం వినబడిందో తెలియదు గానీ ఆర్పేశారు. కళ్ళు చీకటికి అలవాటు పడేందుకు పది నిమిషాలు ఆగాను; ఆ పది నిమిషాలూ టెలిఫోన్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తరువాత చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెట్టి ఎత్తు కొలిచాను. పట్టీ గుండా చుక్కలు చూశాను. ఏడు లెక్కకు వచ్చాయి. వాళ్ళిద్దరి చీటీలు తీసుకుని, నేనూ ఒకటి రాసి జేబులో పెట్టుకున్నాక, వ్యాను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ పట్టీ చూపించి, తన కెమెరా పెట్టమని సైగ చేశాను.

ఆమె పెట్టింది. పన్నెండు సెకన్లు. తెరమీద బొమ్మ పడింది. బొమ్మలో కమాను పచ్చగా వెలుగుతోంది.

తెరమీదనుంచి తలెత్తి ఆకాశం చూశాను. బూడిద రంగే. మళ్ళీ తెర చూశాను. పచ్చ.

"అదే," అంది వ్యాను ఆవిడ, ఇందులో వింత ఏముందన్నట్టు. "బలం తక్కువ. కన్ను చాలదు." ఆమె మాటల్లో నాకు పూర్తిగా అర్థమైంది అదొక్కటే.

చీటీలు విప్పాను. నర్సు 'బూడిద' అని రాసింది. టెలిఫోన్ 'మా ఆయన పాత బనీను రంగు' అని రాసింది. ఏడో పేజీలో రాయబోతే కలంలో సిరా గడ్డకట్టింది. నర్సు దాన్ని తీసుకుని తన నోట్లో పెట్టుకుని వెచ్చబరిచి ఇచ్చింది. నా చీటీలో ఉన్నట్టే 'వర్ణం: బూడిద' అని రాశాను. నా చేతిరాత ముప్ఫై ఎనిమిదేళ్ళలో పెద్దగా మారలేదు.

జనవరి నాలుగున ఇల్లు చేరాను. వంటింటి గోడమీద కొత్త కేలండరు వేలాడుతోంది. ఆయన టీ పెట్టి ఇచ్చారు. నేను లేని పది రోజుల్లో ఆయనకు పంచదార పాళ్ళు కుదిరాయి. నేను బీరువాలో దుప్పట్ల కింద ఉన్న పాత రిజిస్టరు తీశాను. కేంద్రంలో మనుషుల బదులు యంత్రాలు వచ్చాక, పాత రిజిస్టర్లు చెత్తకు పోతుంటే అర్జీ పెట్టుకుని తెచ్చుకున్నదది. గీత ఉన్న పేజీ విప్పి బల్లమీద పెట్టాను. పక్కన నోటుపుస్తకం, చీటీలు, ఎర్ర సిరా కలం పెట్టాను.

ఆయన కుర్చీ లాక్కుని, వెనకటి రోజుల్లో తనిఖీకి కూర్చున్నట్టే కూర్చున్నారు. మూడో పేజీ దగ్గర ఆగారు.

"ఆకుపచ్చ," అని పైకి చదివారు. "చీటీలు కూడా ఆకుపచ్చే."

"అవును."

"అంటే షరతు ప్రకారం..."

"షరతు ప్రకారం ఓడాను. షరతు రాయడంలోనే తొందరపడ్డాను. బలంగా ఉంటే ఎలా, బలహీనంగా ఉంటే ఎలా అని వేరు చేయలేదు. కలం అక్కడే ఉంది. సంతకం చేయమంటే ఇప్పుడే చేస్తాను. ముందు ఏడో పేజీ చదవండి."

చదివారు. చీటీలు ఇటూ అటూ తిప్పి చూశారు. బనీను చీటీ చూసి కూడా నవ్వలేదు.

"ఎత్తు రెండు పిడికిళ్ళు. చెయ్యి చాచే కొలిచావా?"

"మొదటిసారి చలికి మోచెయ్యి వంగింది. రెండోసారి చాచి కొలిచాను."

"దీపాలు?"

"పది నిమిషాల ముందే ఆర్పించాను."

"రంగు రాసిన తరువాతే కెమెరా చూశారా?"

"ముగ్గురం రాసిన తరువాతే."

ఆయన మళ్ళీ మూడో పేజీ తిప్పారు. చాలాసేపు చూశారు. టీ మీద మీగడ కట్టింది.

"ఇది లేకపోతే నాకు తెలిసేదే కాదు," అన్నారు.

"పేజీలకు నంబర్లు వేసింది మీరే సార్."

"నంబర్లు వేశాను," అన్నారు నెమ్మదిగా. "నిజమే."

"ఇంకో సంగతి. ఆ రాత్రి నేను చూసినది ధ్రువకాంతే అని నేను ఇప్పటికీ అనను. 'కావచ్చు' అని రాశాను, ఆ మాట అలాగే ఉంటుంది. రంగు లేదు కాబట్టి కాదు అని మీరు రాశారు. ఆ మాట నిలవదు."

ఆయన కలం మూత తీశారు. రిజిస్టరును తనవైపు తిప్పుకున్నారు. పాత గీత కింద, అంచున ఉన్న ఖాళీలో రాశారు: 'వర్ణం లేకపోవడం కారణం కాజాలదు. కొట్టివేత రద్దు.' పొడి అక్షరాలు వేసి, గోడగడియారం చూసి సమయం వేసి, తారీఖు వేసి, పుస్తకం నావైపు నెట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తరువాత తరువాత అల్లుడు సరదాగా ఆ పాత హాస్యం ఎత్తితే, "అది రిజిస్టరులో ఉంది, వెళ్ళి చదువుకో," అనేవారు, అంతే.

పరిశీలకురాలి సంతకం కోసం నేను కలం అందుకున్నాను. రాసినదంతా మొదటినుంచి చదివాను. చదవకుండా సంతకం పెట్టే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

"సార్," అన్నాను. "తారీఖు."

ఆయన తొంగి చూశారు. నాలుగు, జనవరి, పక్కన పోయిన ఏడాది అంకె.

"అరెరె," అంటూ కలం లాక్కుని చివరి అంకె మీద దిద్దబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"దిద్దకూడదు. ఒక్క గీత. కింద అంకె కనబడాలి. పక్కన పొడి అక్షరాలు."

ఆయన నా ముఖంలోకి చూశారు. తరువాత తన అంకె మీద తానే ఎర్ర గీత గీసి, పక్కన సరైనది రాశారు. పొడి అక్షరాలు వేసే దాకా నేను చెయ్యి తీయలేదు.